నడిచినా చెడు కొలెస్ట్రాల్ తగ్గలేదంటే వ్యాయామం దండగేనా?

"రోజూ నడుస్తున్నాను, అయినా ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, పెద్దగా తగ్గలేదు. మాత్రలే గతి అయితే ఈ శ్రమ ఎందుకు?" అని అడిగారు. శ్రమ దండగ కాదు. మీరు రిపోర్టులో ఒక్క గడినే పట్టుకు వేలాడుతున్నారు, అంతే.

నా మొదటి రిపోర్టులో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే కొవ్వు) 240, ఎల్‌డీఎల్ 148, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36. కొన్ని నెలలు చెమట పట్టేలా నడిచి, రెండో రిపోర్టుతో డాక్టరు గారి ముందు కూర్చున్నాను. ఎల్‌డీఎల్ 139. ఇంత చేస్తే తగ్గింది తొమ్మిదేనా అని నా ముఖం మాడిపోయింది. ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ట్రైగ్లిజరైడ్ల అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టారు. 240 కాస్తా 150 అయింది. తర్వాత కాగితం వెనక్కి తిప్పి తీసివేత లెక్క వేశారు: మొత్తం కొలెస్ట్రాల్ 209లో హెచ్‌డీఎల్ 40, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతు 30 పోతే 139. "మీ ఎల్‌డీఎల్‌ను విడిగా కొలవలేదండీ, ఇలా లెక్కగట్టి వేశారు" అన్నారు. చాలా ల్యాబుల్లో ఇదే పద్ధతి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు కూడా. ఆ ముక్క కంటికి కనబడేలా రాయరు గానీ, ఎర్ర అక్షరాలూ నక్షత్రం గుర్తులూ మాత్రం ధారాళంగా వేసి మనిషిని హడలగొడతారు.

కండరాలు పనిచేస్తే రక్తంలోని కొవ్వును విడగొట్టి లోపలికి తీసుకునే ఎంజైమ్ చురుకవుతుంది. అందుకే మొదట దిగేవి ట్రైగ్లిజరైడ్లు. హెచ్‌డీఎల్ కొంచెం పెరుగుతుంది. ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి తీసేసే గ్రాహకాలు ఎక్కువగా కాలేయంలో ఉంటాయి. ఆ గ్రాహకాల గుట్టు విప్పినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే అమెరికా శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ వచ్చింది. అందుకే కాళ్లు ఆడించినంత మాత్రాన ఎల్‌డీఎల్ అంత సులువుగా లొంగదు.

ఎంజైమ్ హుషారు కూడా ఒకటి రెండు రోజులే. మా బావగారు ఏడాదంతా కుర్చీకి అతుక్కుపోయి, పరీక్షకు ముందు రోజు మాత్రం ఊపిరి ఆడనంత దూరం నడిచి వస్తారు. మర్నాడు ట్రైగ్లిజరైడ్లు కాస్త తక్కువగా వస్తాయి, ఆ కాగితం ఇంటిల్లిపాదికీ చూపిస్తారు. ఆయనకు చెప్పేవాళ్లు లేరు.

ఫోన్‌లో కబుర్లాడుతూ అడుగులో అడుగు వేసేవాళ్లను చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. చేతి గడియారం చూసుకుని ఇన్ని వేల అడుగులని మురిసిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. గంటసేపు నవ్వుతూ కథలు చెప్పగలిగితే అది షికారు.

అసలు నన్ను నడిపించింది కొలెస్ట్రాల్ అంకె కాదు, లండన్ బస్సుల సంగతి. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లో బయటపెట్టాడు: రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సులో మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. లావు వల్లనేమో అని తర్వాత వాళ్ల యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలు కూడా తీయించాడు. డ్రైవర్ల నడుములు పెద్దవే. అయినా ఒకే రకం ఒళ్లున్నవాళ్లను పోల్చినా కండక్టర్లదే పైచేయి. అప్పటి నుంచి నేను లిఫ్టు వాడటం తగ్గించాను. మోకాళ్లు బాగాలేనివారు నా మాట పట్టించుకోనక్కరలేదు.

మాత్రల సంగతంటారా, మీ అంతట మీరు మానేయకండి. ఎల్‌డీఎల్ 190, ఆ పైన ఉంటే వంశపారంపర్యంగా వచ్చి ఉండవచ్చు, అక్కడ నడక ఒక్కటే చాలదు. మాత్ర మొదలుపెట్టాక కండరాల నొప్పి వస్తే నడక మీదకు నెట్టేయకుండా డాక్టరుకు చెప్పండి. ఈసారి రిపోర్టు తీసుకున్నప్పుడు పాతది కూడా వెంట తీసుకెళ్లి, ట్రైగ్లిజరైడ్ల వరుస ముందు చూడమనండి.