పేరు ఆఖర్న చెప్పండి

"ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆవిష్కర్తల గురించి సెలవుల్లో పిల్లలకు బొమ్మలతో, ప్రయోగాలతో చెప్పాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు. మాది గుంటూరు బ్రాడీపేట. రెండేళ్లుగా మా ఇంట్లో ఇదే చేస్తున్నాం.

మొదటిసారి నేను గోడకు ఫొటో అతికించి, పుట్టిన తేదీతో కథ ఎత్తుకున్నాను. పది నిమిషాలకే పిల్లలు లేచి వెళ్లిపోయారు. అందుకే ఇప్పుడు పేరు ఆఖర్న చెబుతున్నాను. ఆ మనిషికి ఎదురైన చిక్కు ముందు పిల్లలకూ ఎదురవ్వాలి.

జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారితో మొదలుపెట్టండి. గుప్పెడు శంఖుపూలు వేడినీళ్లలో నానేస్తే చిక్కటి నీలం దిగుతుంది. ఒకేలాంటి నాలుగు గాజు గ్లాసుల్లో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది చెంచాలు పోసి, అన్నిటినీ ఒకే గీత దాకా నీళ్లతో నింపండి. ఐదోది పిల్లలు చూడకుండా కలపండి. అందులో ఎన్ని చెంచాలున్నాయో రంగు చూసి వాళ్లే చెప్పాలి.

నేను ఐదోదాన్ని కలిపాక సన్నటి గ్లాసులోకి మార్చాను. మా అమ్మాయి ఎనిమిది అంది, మేనల్లుడు నాలుగే అన్నాడు. ఇద్దరికీ వాదన. గ్లాసులు కిటికీ దగ్గరికి తీసుకెళ్లారు, వెనక తెల్ల కాగితం పెట్టి చూశారు. కాసేపటికి వాడే, "గ్లాసు సన్నగా ఉందత్తా, అందుకే పలచగా కనబడుతోంది" అన్నాడు. మిగతా వాటిలాంటి గ్లాసులో పోసి చూస్తే ఎనిమిదే!

అప్పుడు చెప్పాను. భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, ఫాస్ఫరస్ ఎంతుందో నీలం చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. వాళ్లకు ఆ నీలం మాలిబ్డినం అనే లోహం నుంచి వచ్చింది, మనకు పూల నుంచి. ఆ కొలత చేతికొచ్చాకే కండరాల్లో శక్తిని దాచిపెట్టే ఫాస్ఫోక్రియాటిన్, తర్వాత ఒంటికి శక్తినందించే ఏటీపీ అనే పదార్థం బయటపడ్డాయి. 1940లలో అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందమే బోదకాలుకు డీఈసీ మందు తెచ్చింది. ఈ మాట చెవిన పడగానే మా అత్తయ్య, "ఇంటింటికీ వచ్చి మింగించేవాళ్లే, ఆ మాత్రేనా?" అంటూ వచ్చి పిల్లల పక్కన కూర్చున్నారు. నేను చెప్పిన సంవత్సరాల కన్నా నాయనమ్మ మింగిన మాత్రే వాళ్లకు గుర్తుండిపోయింది.

మిగిలిన నీలం పారబోయకండి. డ్రాయింగ్ కాగితం మీద పూసి, ఆరకముందే నిమ్మరసం చుక్క వేస్తే అక్కడ ఊదా, గులాబీ రంగులు వస్తాయి. వంటసోడా నీళ్లు వేస్తే పచ్చదనానికి తిరుగుతుంది. మా అమ్మాయి ఆ రంగులతో పరిగెత్తే మనిషి కాలి కండరం వేసింది.

వానాకాలానికైతే మేరీ ఆండర్సన్ బాగుంటుంది. కారు లోపలే కూర్చుని మీటతో తిప్పే వైపర్‌కు ఆమె 1903లో అమెరికాలో పేటెంట్ తీసుకుంది. ఒక అట్టముక్క, రబ్బరు పట్టీ, ఐస్‌క్రీం పుల్ల, నీళ్లు చల్లిన అద్దం చాలు. చేయి తడవకుండా అద్దం తుడవమనండి, పేరు తర్వాత చెప్పొచ్చు.

జనవరి 12 సుబ్బారావు గారి పుట్టినరోజు. సంక్రాంతి ముగ్గుల రోజులే కాబట్టి ఈసారి వాకిట్లో పిల్లలు ఏటీపీ వేశారు: పెద్ద పువ్వు, దాని పక్కన వరసగా మూడు ఫాస్ఫేట్ చుక్కలు. ఇదేం ముగ్గని అడిగిన వాళ్లందరికీ, చివరి చుక్క విడిపోయినప్పుడు ఒంటికి శక్తి అందుతుందని మేనల్లుడు గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఆయన పేరు మాత్రం ఆఖర్న చెప్పాడు.