బండి సంగతులు: తుప్పు పట్టిన తాతగారి జీపు

ప్రశ్న: మాది సఖినేటిపల్లి మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. మా తాతగారు 1988లో కొన్న మహీంద్రా ఎంఎం 540 డీజిల్ జీపు ఆయన పోయాక కొబ్బరి తోటలో పాక కింద ఉండిపోయింది. అంతకుముందు రొయ్యల చెరువులకి మేత బస్తాలు అందులోనే వెళ్లేవి. ఇప్పుడు అడుగు రేకు తొక్కితే పెచ్చులు రాలుతోంది. నాకు బైక్ చెయిన్ బిగించడం, ఆయిల్ మార్చడం వరకే తెలుసు. సెలవుల్లో ఇంటి దగ్గరే బాగు చేసుకోవాలని ఉంది. నాన్నగారేమో తుక్కు కింద ఇచ్చేయమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఉంచాలో ఇచ్చేయాలో ఛాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే అడుగు చట్రం, చెబుతుంది. అది చూసేదాకా నాన్నగారితో వాదన పెట్టుకోకండి బాబూ. పైన రేకు ఎంత పాడైనా మార్చుకోవచ్చు. అడుగున ఉన్న ఆ రెండు పొడవాటి దూలాలు పోతే మాత్రం మొదటిసారి పనిలోకి దిగేవాళ్లు తట్టుకునే పని కాదు.

కిందకి దూరే ముందు ఒక కర్ర పుచ్చుకుని సీట్ల కిందా, బానెట్ లోపలా, చక్రాల మధ్యా బాగా తట్టండి. తోటలో ఏళ్ల తరబడి కదలని బండిలో ఎలకలుంటాయి, ఎలకల కోసం పాములొస్తాయి. చేతులకి తొడుగులు, కాళ్లకి బూట్లు లేకుండా చెయ్యి పెట్టకండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద పడుకోవద్దు. గట్టి నేల మీద ఇనప స్టాండ్లు పెట్టి, బండిని రెండు చేతులతో ఊపి చూసి, కదలకపోతేనే దూరండి.

ఇప్పుడు ఒక చిన్న సుత్తి, ఒక పాత స్క్రూడ్రైవర్ తీసుకోండి. ముందు నుంచి వెనక దాకా ఛాసిస్ మీద జానెడు దూరానికో దెబ్బ వేసుకుంటూ వెళ్లండి. మంచి ఇనుమైతే ఖంగుమంటుంది. తుప్పు తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన చోట స్క్రూడ్రైవర్ గుచ్చండి. కమాన్ కట్టలు (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు) ఛాసిస్‌కి తగిలే బ్రాకెట్ల దగ్గరా, వెనక అడ్డదూలం దగ్గరా, బాడీ ఛాసిస్ మీద కూర్చునే రబ్బర్ల కిందా బాగా చూడాలి. మీ బండిలో ఆ బ్రాకెట్ల వెనక చెరువుగట్టు మట్టి, కొబ్బరి పీచు, చీమల పుట్ట మన్ను కలిసి గడ్డకట్టి ఉంటాయి. ఆ గడ్డ ఎండాకాలంలో కూడా లోపల చెమ్మ వదలదు. దాన్ని పొడిచి రాల్చేశాక కనబడే ఇనుమే అసలు ఇనుము. పైపై పొర లేచి, కింద గట్టిగా ఉంటే సంతోషించండి. స్క్రూడ్రైవర్ అవతలికి దిగిపోయిన చోట్లు ఒకటి రెండుంటే పట్టీ వేయించవచ్చు. కమాన్ బ్రాకెట్ల దగ్గరే అన్ని వైపులా దిగిపోతుంటే నాన్నగారి మాట వినండి, మనసు కష్టపెట్టుకోకండి.

ఛాసిస్ పాసైతే పైసా ఖర్చు పెట్టకముందే ఆర్‌సీ వెతకండి. సొంత బండి రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత బండి చూపించి 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. అంటే మీ జీపుకి 2003 నుంచి పొడిగింపులు ఉండాలి. ఎక్కడ ఆగిందో చూసుకోండి, ఆలస్యానికి అపరాధ రుసుము ఉంటుంది. తాతగారి పేరు మీదే ఉంది కాబట్టి వారసుల పేరుకి మార్చుకోవడానికి ఫారం 31 పెట్టాలి. ఛాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండర్ పెట్టవద్దు. చేత్తో, మెత్తటి వైరు బ్రష్‌తో తుడిచి, ఫోటో తీసి, ఆర్‌సీతో పోల్చుకోండి. అది చెరిగిపోతే ఎంత అందంగా తయారు చేసినా రోడ్డెక్కదు.

ఇక ఉప్పు. రొయ్యల చెరువుల మీద తిరిగిన బండి, పైగా సముద్రపు గాలి. తుప్పు గీకేసి వెంటనే పెయింట్ వేస్తే, ఇనుము గుంటల్లో మిగిలిన ఉప్పు గాలిలోని తేమని లాక్కుని కింద నుంచి మళ్లీ తుప్పు పుట్టిస్తుంది. ఒక్క వానాకాలం తిరక్కుండానే పెయింట్ బొబ్బలెత్తుతుంది. అందుకని ముందు కడగాలి. ఏ నీళ్లతో అన్నది మీ వైపు పెద్ద విషయం. తీరంలో చాలా చోట్ల బోరు నీళ్లే ఉప్పన. నోట్లో వేసుకుంటే తేడా తెలిసే నీళ్లతో బండి కడగవద్దు. కాలవ నీళ్లో, వాన నీళ్లో డ్రమ్ముల్లో పట్టి ఉంచుకోండి. వేసవిలో కాలవలు కట్టేస్తారు, ఆలోపే ఈ పని అయిపోవాలి. ఛాసిస్ కన్నాల్లోంచి పైపు పెట్టి, బురద రంగు పోయి తేట నీళ్లు కారేదాకా కడగండి. మూసుకుపోయిన నీటి కన్నాలు తీగతో పొడిచి తెరవండి. ఎండబెట్టి, గీకి, మళ్లీ కడిగి, మళ్లీ ఎండబెట్టండి. విసుగు పుట్టే పనే. అయినా మీ ఊళ్లో ఈ జీపు నిలబడేదీ లేనిదీ ఇక్కడే తేలుతుంది.

గీకడానికి గ్రైండర్‌కి వైరు బ్రష్ తగిలించుకోండి. కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి, ఆ తీగలు ఊడి సూదుల్లా వస్తాయి. గుంటల్లో మిగిలిన ఎర్రదనానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న తుప్పు మందు పూస్తే అది నల్లబడి గట్టిపడుతుంది. డబ్బా మీద చెప్పినంత సేపు ఆరనిచ్చి, దాని మీద రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ వేయండి. ఛాసిస్ లోపలి వైపు మైనం లాంటి స్ప్రే కొట్టాలి. మన వైపు వాడేసిన ఇంజన్ ఆయిల్ పూసే అలవాటుంది. నేను వద్దంటాను. అది రబ్బరు బుష్‌లని ఉబ్బించేస్తుంది, దుమ్ము పట్టిస్తుంది, కారి కారి మీ తోటలోకే దిగుతుంది.

నట్లు విప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. మహీంద్రా వాళ్లు 1940ల చివర్లో అమెరికా విల్లీస్ జీపులు ఇక్కడ బిగించి మొదలుపెట్టారు. ఆ అంగుళాల కొలత మీ జీపు ఛాసిస్ వైపు ఇంకా ఉంది. ఇంజన్ ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో డిజైన్, దాని మీద మిల్లీమీటర్ల నట్లు. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 13 నంబరు స్పానర్ దాని మీద కూర్చున్నట్టే ఉంటుంది, బలం పెట్టగానే మూలలు అరిగి నట్టు గుండ్రమైపోతుంది. నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ చెప్పినన్నాళ్లూ పిల్లలకి మొదటి రోజు చూపించింది ఇదే. రెండు సెట్ల రింగు స్పానర్లు కొనుక్కోండి. తుప్పు వదిలించే నూనె ముందు రోజు సాయంత్రమే కొట్టి ఉంచండి. విప్పేముందు సెల్‌ఫోన్‌లో ఫోటో, విప్పాక ఏ భాగం నట్లు ఆ భాగం పేరు రాసిన డబ్బాలో.

అడుగు రేకు గురించి టెన్షన్ పడకండి. మెరిసే ఇనుము తగిలేదాకా కోసేయండి. పాత క్యాలెండర్ అట్టతో కొలత కత్తిరించి, ఆ ప్రకారం 18 గేజ్ మందం సీఆర్ (కోల్డ్ రోల్డ్) రేకు కోయించండి. వెల్డింగ్ మాత్రం తెలిసినవాళ్లకి ఇవ్వండి. గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో మామూలు ఆర్క్ వెల్డింగ్‌తో పల్చటి రేకు కన్నాలు పడుతుంది. కార్ల బాడీ పని చేసేచోట వాయువు వదులుతూ సన్నటి తీగతో అతికే సీఓటూ వెల్డింగ్ ఉంటుంది, వాళ్లని పిలిపించుకోండి. ఒకేసారి గీత లాగకుండా చుక్కలు చుక్కలుగా చోటు మార్చి వేస్తే రేకు వంకర పోదు. బ్యాటరీ తీగలు ఊడదీసి, డీజిల్ ట్యాంకు దించి దూరంగా పెట్టాకే మంట ముట్టించాలి. ఖాళీ ట్యాంకు కదా అని దానికి వెల్డింగ్ పెట్టించవద్దు, లోపలి ఆవిరి పేలుతుంది.

ఇంజన్‌ని సెల్ఫ్ కొట్టి చూడాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది. ఆగండి. పాత డీజిల్ మొత్తం తీసేయండి. ఇంజెక్టర్లు (సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే భాగాలు) విప్పి ఒక్కో సిలిండర్‌లో కాస్త ఇంజన్ ఆయిల్ వేసి, ఒకట్రెండు రోజులు వదిలేసి, ముందు పుల్లీ నట్టుకి స్పానర్ పెట్టి చేత్తో తిప్పండి. పూర్తిగా రెండు చుట్లు సులువుగా తిరిగాకే మిగతావి. ఫిల్టర్లు కొత్తవి వేశాక డీజిల్ లైన్లో చేరిన గాలి తీయాలి. దాని కన్నా ముందు బ్రేకులు. నాలుగు డ్రమ్ములూ విప్పి, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ఇనప పైపులు కొత్తవి వేయించండి. పాత బ్రేకు లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి. బ్రేకులు బిగించాక ఒక మెకానిక్‌కి చూపించకుండా గేటు దాటవద్దు.

పెయింట్ ఆఖరున. సంక్రాంతి వెళ్లాక, పొద్దుటి మంచు విడిచి రేకు వెచ్చబడ్డాక వేయండి. గాలిలో తేమ ఎక్కువుంటే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింట్ తెల్లబారిపోతుంది. జీపు అనగానే అందరూ మిలిటరీ ఆకుపచ్చ అంటారు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం ఆ ఆలివ్ గ్రీన్ సైన్యం బండ్లకి మాత్రమే. ఆర్‌సీలో ఉన్న రంగే వేసుకోండి, తాతగారి నాటి రంగు కూడా అదే అవుతుంది.

ప్రశ్న: 2022 జూలై వరదల్లో మా లంకలో జీపు సీట్ల దాకా మునిగింది. ఇంజన్ ఆయిల్ మార్చి వాడుతున్నాం. ఇప్పుడు వెనక నుంచి రొద వస్తోంది. – పి.గన్నవరం మండలం నుంచి ఒక రైతు

జవాబు: ఇంజన్ ఆయిల్ ఒక్కటీ చాలదండీ. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందూ వెనకా చక్రాలకి బలం పంచే పెట్టె), ముందూ వెనకా డిఫరెన్షియల్ (ఇరుసు మధ్య పళ్ల చక్రాలుండే గుండ్రటి పెట్టె) అన్నిటికీ గాలి ఆడే చిన్న కన్నం ఉంటుంది, వరద నీరు దాంట్లోంచే దూరుతుంది. వెనక డిఫరెన్షియల్ డ్రెయిన్ నట్టు కొద్దిగా వదులు చేసి ఒక గిన్నెలో పట్టండి. ముందు నీళ్లొచ్చినా, ఆయిల్ మజ్జిగ రంగులో ఉన్నా నీరు కలిసినట్టే. ఇన్నాళ్లు నడిచింది కాబట్టి బేరింగులకి తుప్పు గుంటలు పడి ఉంటాయి. కవరు విప్పించి పళ్లూ బేరింగులూ చూపించండి. చక్రాల హబ్బుల్లో గ్రీజు కూడా తీసి కొత్తది పెట్టించండి. ఆ రొద పెరగకముందే చేయిస్తే బేరింగులతో పోతుంది, ఆలస్యమైతే డిఫరెన్షియల్ లోపలి పెద్ద పళ్ల చక్రాల జత, క్రౌన్ పినియన్, మార్చాల్సి వస్తుంది.