టెక్ సందేహాలు: మాస్టారి పాత సిస్టమ్, మొండికేసిన మెయిల్

ప్రశ్న: మావారు రిటైర్డ్ లెక్చరర్. 2011లో కొన్న డెస్క్‌టాప్, విండోస్ 7. మెయిల్ మొత్తం విండోస్ లైవ్ మెయిల్‌లోనే చూస్తారు. ఫోన్‌లో చూడమంటే ‘ఫోన్ మాట్లాడటానికి’ అంటారు. 2022 వేసవిలో ఒకసారి మెయిల్ ఆగిపోతే మా మేనల్లుడు ఏదో పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టి బాగుచేశాడు. పోయిన నెల గూగుల్ నుంచి హెచ్చరిక వస్తే భయపడి జీమెయిల్ పాస్‌వర్డ్ నేనే మార్చాను. అప్పట్నుంచి లైవ్ మెయిల్ తెరిస్తే చాలు, పాస్‌వర్డ్ అడుగుతోంది. కొత్తది కొడితే మళ్లీ అడుగుతోంది. ‘నువ్వు ముట్టుకున్నావు, పోయింది’ అని ఒకటే గొడవ. వేరే సాఫ్ట్‌వేర్ వేద్దామంటే ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు ముట్టుకోబట్టే పోయిందన్న మాట నిజమేనండీ. కానీ తప్పు మీది కాదు.

2022 మే 30 నుంచి గూగుల్ మామూలు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పాత మెయిల్ సాఫ్ట్‌వేర్లను ఆపేసింది. లైవ్ మెయిల్ ఆ కోవలోదే. అప్పుడు మీ మేనల్లుడు పెట్టింది ‘యాప్ పాస్‌వర్డ్’ అయ్యుంటుంది. పాత సాఫ్ట్‌వేర్ కోసం గూగుల్ విడిగా ఇచ్చే పదహారు అక్షరాల తాళంచెవి అది. అసలు పాస్‌వర్డ్ మార్చగానే గూగుల్ ఆ తాళంచెవులన్నిటినీ రద్దు చేస్తుంది. మీరు కొత్త పాస్‌వర్డ్ ఎన్నిసార్లు కొట్టినా లైవ్ మెయిల్‌కి అది పనికిరాదు.

కాబట్టి ముందు ఇంట్లో గొడవ ఆపుదాం. మీ ఫోన్‌లోనే ఆయన గూగుల్ అకౌంట్ తెరిచి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తోపాటు ఫోన్‌లోనూ అవునని చెప్పించుకునే రెండో తనిఖీ) ఆన్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే ఆన్ చేయండి. అది లేకపోతే యాప్ పాస్‌వర్డ్ ఇవ్వరు. అదే అకౌంట్ పేజీలో పైన వెతికేచోట ‘యాప్ పాస్‌వర్డ్స్’ అని కొడితే ఆ పేజీ వస్తుంది. కొత్తది పుట్టించి వెంటనే కాగితం మీద రాసుకోండి, మళ్లీ చూపించరు. నాలుగేసి అక్షరాల చొప్పున విడగొట్టి కనిపిస్తుంది. మధ్య ఖాళీలు కొట్టక్కర్లేదు. లైవ్ మెయిల్ అడిగినప్పుడు అది ఇస్తే సరి. మాస్టారు సాయంత్రం కాఫీ తాగేలోపు మెయిల్ వచ్చేస్తుంది.

అక్కడితో వదిలేయొచ్చు కదా అంటే, వద్దంటాను. లైవ్ మెయిల్‌కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2017 జనవరి 10న ముగిసింది. డౌన్‌లోడ్ కూడా తీసేశారు. 2011 నాటి హార్డ్‌డిస్క్ ఏ రోజు చేతులెత్తేస్తుందో చెప్పలేం. ఆ రోజు దాన్ని మళ్లీ వేసుకోవడానికి ఫైల్ దొరకదు, అందులో ఆయన దాచుకున్నవీ దొరకవు.

ఈ రెండో సంగతి మా ఇంట్లో జరిగింది. విజయవాడ సత్యనారాయణపురంలో ఉన్నప్పుడు నాన్నగారి విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ నెమ్మదించిందని ఒక షాపులో ఫార్మాట్‌కి ఇచ్చాను. ‘బ్యాకప్ తీశాం సార్’ అన్నాడు కుర్రాడు. తీశాడు కూడా, మై డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్. కానీ ఆయన మెయిల్ చూసే అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌లోని మెయిల్స్ ఉండేది ఎక్కడో లోపల, పైకి కనపడని ఫోల్డర్‌లో. ఇంటికొచ్చాక నాన్న కుర్చీలో కూర్చుని, ఖాళీ ఇన్‌బాక్స్ మీద మూడుసార్లు క్లిక్ చేసి, ఏమీ అనకుండా లేచి వరండాలోకి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. ఆ పని నేను చేసుకోవాల్సింది, షాపు మీద వదిలేశాను.

మీ లైవ్ మెయిల్‌దీ అదే పద్ధతి. మెయిల్స్ అన్నీ యాప్‌డేటా అనే దాచిన ఫోల్డర్ లోపల, ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్‌గా ఉంటాయి. ‘జీమెయిల్‌లో ఎలాగూ ఉంటాయి కదా’ అని ధీమాగా ఉండకండి. ఎడమ పక్కన ‘స్టోరేజ్ ఫోల్డర్స్’ అని ఒక వరస ఉందేమో చూడండి. ‘పెన్షన్’, ‘పిల్లలు’, ‘సావనీర్ వ్యాసాలు’ లాంటి పేర్లతో ఆయన అందులోకి లాగి దాచుకున్నవి ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ అన్న చర్చకన్నా ముందు ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ పెట్టండి. లైవ్ మెయిల్‌లో ఫైల్, ఎక్స్‌పోర్ట్ ఈమెయిల్, ఈమెయిల్ మెసేజెస్ నొక్కి, విండోస్ లైవ్ మెయిల్ ఫార్మాట్ ఎంచుకుని, అన్ని ఫోల్డర్లూ అందులోకి ఎక్కించండి. తర్వాత పెన్‌డ్రైవ్ తీసి మీ ల్యాప్‌టాప్‌లోనో, తెలిసినవాళ్ల సిస్టమ్‌లోనో పెట్టి, ఫైళ్లు నిజంగా ఉన్నాయో లేదో కళ్లతో చూడండి.

ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ సంగతి. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరుచుకుంటే పోయేదానికి ఇదంతా ఎందుకని కొందరంటారు. విండోస్ 7కి వచ్చిన చివరి క్రోమ్ బ్రౌజర్ వెర్షన్ 109, ఆ తర్వాతివి దానికి రావు. దాని సంగతి అలా ఉంచినా, జీమెయిల్ పేజీ వాళ్లకు తోచినప్పుడల్లా రూపు మారుస్తుంది. మార్పంటే పడని మనిషికి అడగకుండా వచ్చే మార్పే అసలు టెన్షన్. నా ఓటు థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌కి. ఉచితం, లైవ్ మెయిల్‌లాగే ఎడమ పక్క ఫోల్డర్లు, పక్కన ఉత్తరాల వరస. గూగుల్ లాగిన్ కిటికీ దానంతటదే తెరుస్తుంది కాబట్టి పదహారు అక్షరాల బెడద ఉండదు. విండోస్ 7 మీద నడిచే చివరి వెర్షన్ 115. ఆ పై వెర్షన్లకు విండోస్ 10 కావాలి, కాబట్టి డౌన్‌లోడ్ చేసేటప్పుడు అంకె చూసుకోండి.

అయితే 115 కూడా ఆగిపోయిన బండే, విండోస్ 7కైతే సపోర్ట్ 2020 జనవరి 14నే పోయింది. మరి ఎందుకు వేయమంటున్నానంటే, అది మధ్యలో వేసుకునే మెట్టు. ఏడాదిలోపు మీరు ఆ కంప్యూటర్ మార్చాల్సిందే, లేదా అందులోనే మెమొరీ నాలుగు జీబీకి పెంచి, పాత హార్డ్‌డిస్క్ బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయించి, విండోస్ స్థానంలో లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టుకోవాలి. విండోస్ 11 మాత్రం ఆ వయసు సిస్టమ్‌ని లోపలికి రానివ్వదు. మింట్‌లో థండర్‌బర్డ్ ముందే ఉంటుంది. కొత్త విండోస్‌లోనూ వేసుకోవచ్చు. మెయిల్స్, సెట్టింగ్స్ అన్నీ ఉండే థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ చేసుకుంటే మాస్టారి మెయిల్ ఉన్నదున్నట్టు అక్కడ కూర్చుంటుంది. కింద కంప్యూటర్ మారుతుంది, ఆయన చూసే తెర మారదు. కంప్యూటర్, మెయిల్ సాఫ్ట్‌వేర్ రెండూ ఒకేరోజు మార్చిన ఇళ్లలోనే ‘నాకొద్దీ గోల’ అని మొత్తానికి మానేసినవాళ్లను చూశాను.

థండర్‌బర్డ్‌లో అకౌంట్ పెట్టేటప్పుడు ఐమ్యాప్ ఎంచుకోండి, పాప్ వద్దు. రెండూ మెయిల్ తెచ్చుకునే పద్ధతులే. పాప్ మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకుంటుంది, ఐమ్యాప్ అయితే మెయిల్ గూగుల్ దగ్గర ఉంటూనే ఇక్కడ కనిపిస్తుంది. పాత మెయిల్స్ తేవడానికి ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ టూల్స్ ఎన్‌జీ అనే యాడ్ఆన్ (థండర్‌బర్డ్‌కి తగిలించుకునే చిన్న అదనపు సాఫ్ట్‌వేర్) ఉంది. థండర్‌బర్డ్ లోపల్నుంచే వేస్తే సరిపడే వెర్షన్ వస్తుంది. పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డర్లను ఒక్కొక్కటిగా థండర్‌బర్డ్‌లో కంప్యూటర్‌లోనే ఉండే ‘లోకల్ ఫోల్డర్స్’లోకి తెచ్చుకోండి. విసుగు పనే, ఒక ఆదివారం పోతుంది. లైవ్ మెయిల్‌లోని అడ్రస్‌లు సీఎస్‌వీ (పట్టికలాంటి మామూలు ఫైల్) రూపంలో తీసి ఇక్కడ దించుకోవచ్చు.

ఇంతవరకూ సాఫ్ట్‌వేర్ పని. ఆయన చేతి అలవాటు ఇంకో పని, అసలు కష్టం అక్కడే. మొదటిది, థండర్‌బర్డ్ కొన్నిసార్లు ఒకే విషయం మీద వచ్చిన మెయిల్స్‌ను ఒకదాని కింద ఒకటి దూర్చేస్తుంది. మాస్టారికి ‘అబ్బాయి నిన్న రాసింది ఏదీ?’ అన్న అనుమానం వచ్చేది దీనివల్లే. వ్యూ మెనూలో ‘సార్ట్ బై’కి వెళ్లి ‘అన్‌థ్రెడెడ్’ (అలా దూర్చకుండా విడివిడిగా) పెట్టేయండి. ఎడమ అంచున క్యాలెండర్, చాట్ లాంటి బొమ్మల పట్టీ ఉంటుంది, దాన్ని దాచేయండి. రాసే కిటికీలో సెండ్ ఎడమ మూలనే ఉంటుంది, అటాచ్ మాత్రం కుడివైపు ఎక్కడో ఉంటుంది. టూల్‌బార్ మీద కుడి క్లిక్ చేసి కస్టమైజ్ నొక్కి, అటాచ్‌ని లాగి సెండ్ పక్కన పెట్టండి. సెట్టింగ్స్‌లో ఫాంట్లు భాషవారీగా ఉంటాయి. తెలుగు ఎంచి సైజు పెంచండి. ఇంగ్లిష్ సైజు పెంచినంత మాత్రాన తెలుగు పెరగదు.

మెయిల్స్‌లో ఫొటోలు కనపడక ఖాళీ గళ్లు ఉన్నాయని మొదటివారమే గొడవ వస్తుంది. బయటి బొమ్మలను అది కావాలనే ఆపుతుంది. మెయిల్ తెరిచారన్న సంగతి పంపినవాళ్లకు తెలియకుండా ఉండటానికి అది. పైన పసుపు పట్టీలో ఆప్షన్స్ నొక్కి పిల్లల మెయిల్స్‌కి మాత్రం అనుమతి ఇవ్వండి.

ఆయనకు తెలియకుండా మాత్రం చేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని, డెస్క్‌టాప్ మీద పాత ఐకాన్ ఉన్నచోటే కొత్తది పెట్టి, పేరు ‘మెయిల్’ అని తెలుగులో మార్చండి. మొదటి ఉత్తరం ఎవరికి రాయాలో ఆయన్నే ఎంచుకోనివ్వండి. పాత లైవ్ మెయిల్‌ను ‘వర్క్ ఆఫ్‌లైన్’లో (కొత్త మెయిల్స్ తెచ్చుకోకుండా) పెట్టి రెండు నెలలు అలాగే ఉంచండి. ఏదైనా కనపడకపోతే అందులో వెతుక్కోవచ్చన్న ధైర్యం ఆయనకు ఉండాలి. ఆ సిస్టమ్‌లో బ్యాంకు లాగిన్లు మాత్రం ఇవాళ్టి నుంచే బంద్. వాటికి మీ ఫోన్ వాడండి.

రెండు నెలలయ్యాక ఆయన లైవ్ మెయిల్ ఊసెత్తకపోతే, గూగుల్ పేజీకి వెళ్లి ఇప్పుడు మీరు పుట్టించిన యాప్ పాస్‌వర్డ్‌ను తీసేయండి.