ఊళ్లో ఖాతా ఆగిపోతే, గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఏం చేయాలి?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి కొత్తగా గల్ఫ్‌కి వచ్చినవాళ్లకి ఎదురయ్యే కష్టం ఇది. అమ్మ ఏటీఎంకి వెళ్తే డబ్బు రాలేదు. బ్రాంచిలో అడిగితే ‘ఖాతా ఫ్రీజ్ అయింది’ అని పంపేశారు. ఆ మాటతోనే వకీలు దగ్గరికి పరుగెత్తకండి. ఎవరు ఆపారు, ఏ కాగితం మీద ఆపారు, ఖాతా మొత్తం ఆపారా లేక కొంత సొమ్మే ఆపారా అన్నది ముందు తేల్చుకోండి. ఈ మూడూ తెలియకపోతే ఏ దరఖాస్తు ఎవరికి రాయాలో కూడా తెలియదు.

నోటిమాట సరిపోదు. బ్యాంకులో నమోదైన మీ ఈమెయిల్ నుంచే మేనేజరుకి రాయండి, ఫిర్యాదుల అధికారికి కాపీ పెట్టండి. ఆపిన తేదీ, ఆపమన్న సంస్థ, పోలీసులైతే ఏ రాష్ట్రం, ఏ స్టేషను, ఫిర్యాదు నంబరు, వివాదంలో ఉన్న లావాదేవీ తేదీ, మొత్తం, యూటీఆర్ (ప్రతి బదిలీకీ బ్యాంకు ఇచ్చే గుర్తింపు) నంబరు అడగండి. మన పెద్దవాళ్లు ఒడియా మాట్లాడినా చాలామందికి చదవడం రాదు. కాబట్టి ఉత్తరం ఇంగ్లీషులో మీరే తయారుచేసి పంపండి. అమ్మ దాన్ని ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని వస్తే చాలు.

ఆపింది బ్యాంకే అయితే పని తేలిక. కేవైసీ, అంటే మీ గుర్తింపు, చిరునామా వివరాల గడువు దాటడం మామూలు కారణం. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఎక్కువ రిస్కు ఖాతాలకు 2 ఏళ్లకు, మధ్యరకానికి 8 ఏళ్లకు, తక్కువ రిస్కుకు 10 ఏళ్లకు ఒకసారి కేవైసీ కొత్తగా ఇవ్వాలి. వివరాలు మారకపోతే నమోదైన ఈమెయిల్ నుంచి స్వీయ ప్రకటన చాలు. పత్రాలు కొత్తగా ఇవ్వాల్సి వస్తే వాటిని మీరున్న దేశంలోని భారత కాన్సులేటు, నోటరీ, లేదా మన బ్యాంకుల విదేశీ శాఖ అధికారి ధ్రువీకరించవచ్చు. అందుకోసం విమానం ఎక్కి రానక్కర్లేదు. మనవాళ్లకి చిక్కు పేర్లలో వస్తుంది: ఆధార్‌లో ఇంటిపేరు చివర, పాస్‌పోర్టులో మొదట, పాసుపుస్తకంలో పొడి అక్షరం. ఇవన్నీ ఒకరి పేర్లేనని అఫిడవిట్ జతచేయండి. వీలైనప్పుడు అన్నిటినీ పాస్‌పోర్టు ప్రకారం దిద్దించుకోండి.

రెండేళ్లు మీరు లావాదేవీ చేయకపోతే ఖాతా నిద్రాణమవుతుంది. దాన్ని తిరిగి తెరవడానికి రుసుము లేదు. కనీస నిల్వ లేదని జరిమానా వేయడమూ కుదరదు. ఇంకో సంగతి: ఉద్యోగానికి విదేశం వెళ్లినవాళ్లు పాత సేవింగ్స్ ఖాతాను అలాగే నడపకూడదు, ఎన్ఆర్ఓగా (విదేశంలో ఉండేవాళ్ల రూపాయి ఖాతాగా) మార్పించాలి. అమ్మ పేరు ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ (ముందు మీరు, మీ తదనంతరం ఆమె నడిపే) పద్ధతిలో కలపవచ్చు.

అసలు ఇబ్బంది సైబర్ పోలీసులు ఆపించినప్పుడు. ఎక్కడో ఒకరు మోసపోయి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తారు. వారి సొమ్ము ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి వెళ్లిందో పోలీసులు వెతుక్కుంటూ పోతారు. ఆ గొలుసులో మీ ఖాతా తగిలితే ఆగిపోతుంది. ఏ తప్పూ చేయని గల్ఫ్ కార్మికుడు ఇందులో ఇరుక్కునేది ఎక్కువగా హుండీ వల్ల. ఎక్స్ఛేంజి కంటే నాలుగు పైసలు ఎక్కువ ఇస్తానన్న మనిషికి ఇక్కడ దిర్హాములు ఇస్తారు, ఊళ్లో ఖాతాకి ఎవరో ముక్కూమొహం తెలియని వ్యక్తి నుంచి రూపాయలు వస్తాయి. అవి దొంగసొమ్ము కావచ్చు. పైగా విదేశీ మారకపు చట్టం ఫెమా కింద ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా జరిమానా పడవచ్చు. దయచేసి ఆ దారి వదిలేయండి. మీ ఖాతాను స్నేహితుడికి వాడుకోనివ్వడం కూడా అంతే ప్రమాదం.

2024 జులై 1 నుంచి పోలీసులు ఖాతా ఆపేది ఎక్కువగా కొత్త క్రిమినల్ ప్రక్రియ చట్టం బీఎన్ఎస్ఎస్ 106వ సెక్షన్ కింద, అంతకుముందు అది పాత చట్టం సీఆర్‌పీసీ 102. ఆపిన వెంటనే ఆ ప్రాంత మేజిస్ట్రేటుకి తెలియజేయాలని ఆ సెక్షన్‌లోనే ఉంది. తెలియజేశారా అని అడిగే హక్కు మీకుంది. వివాదం 8 వేల మీదైతే 8 వేలకే లియన్ (ఆ మొత్తాన్ని మాత్రమే కదలకుండా నిలపడం) పెట్టాలి గానీ జీతం మొత్తం బిగించకూడదని వాదించవచ్చు. కేరళ హైకోర్టు 2023లో, పోలీసులు చెప్పిన మొత్తం వరకే నిలపమని బ్యాంకులకు చెప్పింది. పోలీసుల ఆదేశాన్ని మేనేజరు కాదనలేడు, అతనితో గొడవ దండగ. లియన్‌కి మార్చమని అతనికి రాస్తూనే, దర్యాప్తు అధికారికి వివరణ పంపండి. ఆరు నెలల స్టేట్‌మెంటు, జీతం స్లిప్పులు, ఎక్స్ఛేంజి రసీదులు, పాస్‌పోర్టు, వీసా పేజీలు, ఆ డబ్బు ఎందుకొచ్చిందో చూపే కాగితం జతచేయండి.

కదలకపోతే సొమ్ము విడుదలకు బీఎన్ఎస్ఎస్ 503 కింద మేజిస్ట్రేటుకి దరఖాస్తు పెట్టాలి. జాగ్రత్త, ఫిర్యాదు నమోదైన చోటి మేజిస్ట్రేటుకి పెట్టాలి. ఫిర్యాదు జైపూర్‌లో ఉంటే పర్లాకిమిడి కోర్టులో వేసి లాభం లేదు. ఆపడమే చట్టవిరుద్ధమనిపిస్తే రాజ్యాంగం 226 కింద హైకోర్టు ఉంది. ఖాతా ఒడిశాలో ఉంది కనుక కటక్‌లోని ఒడిశా హైకోర్టులో వేయవచ్చా అని వకీలుని అడగండి. వకాల్తా, పవర్ ఆఫ్ అటార్నీ కాన్సులేటులో ధ్రువీకరించి పంపండి. పవర్ ఊరు చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయసేవల సంస్థ ఉచితంగా వకీలుని ఇస్తుంది, ఊళ్లోవాళ్లు 15100కి ఫోన్ చేయవచ్చు.

ఈ సమయంలోనే దళారులు ఫోన్ చేస్తారు. ‘పదివేలు పంపితే రేపే తెరుస్తాం’ అన్నవాడికీ, వీడియో కాల్‌లో యూనిఫాంతో కనిపించి బెదిరించేవాడికీ రూపాయి ఇవ్వకండి. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో లేదు. ఫిర్యాదుదారుకి చాటుగా డబ్బు తిరిగి ఇచ్చేయకండి, ఇవ్వాల్సొస్తే కోర్టు ద్వారా, రాతపూర్వకంగా ఇవ్వండి.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చింది సరిగ్గా లేకపోయినా, రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారికి) ఫిర్యాదు చేయవచ్చు. కేవైసీ జాప్యానికీ, జవాబివ్వని బ్యాంకుకీ ఇది బాగా పనికొస్తుంది. పోలీసుల ఆదేశాన్ని మాత్రం అంబుడ్స్‌మన్ ఎత్తేయలేడు.

ఎమిరేట్స్‌లో ఉన్న ఖాతా గురించి ఒక్క మాట. ఎమిరేట్స్ ఐడీ గడువు ముగిస్తే కార్డు ఆగవచ్చు, కొత్తది రాగానే బ్యాంకులో నమోదు చేయించండి. అప్పుండగా ఉద్యోగం మానేస్తే చివరి జీతం, గ్రాట్యుటీ జమైన రోజే బ్యాంకు పట్టి ఉంచవచ్చు. రాజీనామా ఇవ్వకముందే వెళ్లి వాయిదాల సంగతి రాతలో మాట్లాడుకోండి.

ఊళ్లో ఖాతా ఆగిన రోజునే, దాని నుంచి కట్టే ఇంటి అప్పు, బీమా వాయిదాలను వేరే ఖాతాకి మార్చమని ఆయా సంస్థలకు రాయండి. చెక్కులు ఇచ్చి ఉంటే తీసుకున్నవాళ్లకి అదే రోజు చెప్పండి. చెక్కు తిరిగొచ్చి నోటీసు అందితే సొమ్ము కట్టడానికి మీకుండేది 15 రోజులే.