సమాధానం: 1987 టాప్స్ కార్డుల మీద జిడ్డు మరకలు

గరాజ్ సేల్‌లో (ఇంటి పాత సామాన్ల అమ్మకంలో) కొన్న 1987 టాప్స్ బేస్‌బాల్ కార్డుల (అమెరికాలోని టాప్స్ కంపెనీ ఆటగాళ్ల బొమ్మలతో వేసిన అట్ట కార్డుల) మీద మరకలున్నాయి, తడిగుడ్డతో తుడవనా అని అడిగారు. దయచేసి నీళ్లు తగలనివ్వకండి. అట్ట ఉబ్బి అంచులు పొరలుగా విడిపోతాయి, మళ్లీ అతుక్కోవు.

ముందు కార్డును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. తెల్లగా, మసకగా పొరలా కనిపిస్తే అది మైనం. ఆ రోజుల్లో ప్యాకెట్లు మైనపు కాగితంలో వచ్చేవి. గోధుమరంగులో అట్టలోకి ఇంకిపోయి ఉంటే లోపల పెట్టిన బబుల్‌గమ్ మరక. అది పోదు, వదిలేయండి.

ముందువైపు మైనం మాత్రం పోతుంది. కార్డును గాజు పలక మీద పరిచి, ఉతికి ఆరబెట్టిన నైలాన్ మేజోడు వేలికి చుట్టి, చిన్న సున్నాలు చుడుతూ తేలిగ్గా రుద్దండి. ప్రతి పది చుట్లకూ మేజోడు శుభ్రమైన చోటుకి మార్చాలి, లేకపోతే తీసిన మైనమే మళ్లీ పూస్తారు. గట్టిగా నొక్కితే మెరుపు పోతుంది. చెక్క రంగు అంచుల మీద చిన్న గీత పడినా తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మూలల దగ్గర ఆగిపోండి. హెయిర్ డ్రయర్ వద్దు, మైనం కరిగి లోపలికి దిగుతుంది. వెనకవైపు మెరుపు పూత లేదు, రుద్దితే సిరా లేస్తుంది.

792 కార్డుల సెట్‌లో 320వ నంబరు ప్రసిద్ధ బేస్‌బాల్ ఆటగాడు బ్యారీ బాండ్స్‌ది. ముందు మామూలు ఆటగాళ్ల కార్డులపై చెయ్యి అలవాటు చేసుకుని దాని జోలికి వెళ్లండి. తర్వాత పలుచని కవర్‌లో వేసి టాప్‌లోడర్‌లో (పైనుంచి కార్డు దూర్చే గట్టి ప్లాస్టిక్ తొడుగులో) పెట్టండి. పాత పీవీసీ ఆల్బమ్‌లో మాత్రం ఉంచకండి, జిగురెక్కి కార్డుకి అంటుకుంటుంది.