టెక్ సందేహాలు: కొన్న నాలుగు నెలలకే లాప్‌టాప్ మార్చాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. శుభలేఖలు, ఫ్లెక్సీలు తెలుగులోనూ ఒడియాలోనూ తయారుచేసే చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. నాలుగు నెలల కిందట విశాఖపట్నంలో 52 వేలకు లాప్‌టాప్ కొన్నాను. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. ఫోటోషాప్, కోరల్‌డ్రా కలిపి తెరిస్తే నత్తనడక నడుస్తోంది. పైగా తెరమీద కుంకుమ రంగులో కనిపించింది అచ్చులో ఇటుక రంగులోకి దిగుతోంది. దుకాణంవారు దీన్ని 34 వేలకు తీసుకుని 68 వేల లాప్‌టాప్ ఇస్తామంటున్నారు. మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చకండి. ఈ బేరంలో మీరు మరో 34 వేలు పెట్టాలి. అందులో 18 వేలు కేవలం పాతదాని మీద నష్టమే. ముహూర్తాల రోజుల్లో పని ఆగితే ఎంత కంగారుగా ఉంటుందో ఊహించగలను. ఆ కంగారులోనే ఇలాంటి బేరాలు కుదిరిపోతాయి. మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ కారణాలు వేరు, మందులూ వేరు.

ముందు వేగం సంగతి. ఆ రెండు సాఫ్ట్‌వేర్లూ తెరిచి ఉంచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో ‘పెర్ఫార్మెన్స్’లోకి వెళ్లి ‘మెమొరీ’ చూడండి. వాడకం 90 శాతం దాటి ఉంటే దోషం ప్రాసెసర్‌ది కాదు, ర్యామ్ చాలడం లేదు. ఫోటోషాప్‌కు కనీసం 8 జీబీ ఉండాలనీ, 16 జీబీ ఉంటే మంచిదనీ తయారుచేసిన అడోబీ సంస్థే చెబుతుంది. మీ 8 జీబీలో విండోస్, బ్రౌజర్ తమ వాటా తీసుకున్నాక మిగిలేదానితో రెండు పెద్ద సాఫ్ట్‌వేర్లు నడవాలంటే కష్టమే.

అదే పేజీలో కింద ‘స్లాట్స్ యూజ్డ్’ (ర్యామ్ బిగించే చోట్లలో ఎన్ని నిండాయో), ‘ఫామ్ ఫ్యాక్టర్’ (ర్యామ్ ఏ రూపంలో ఉందో) అనే వివరాలు ఉంటాయి. రెండింటిలో ఒక స్లాటే వాడుకలో ఉందనీ, ఫామ్ ఫ్యాక్టర్ ‘ఎస్‌ఓడీఐఎంఎం’ (విడిగా తీసి వేయగల ర్యామ్) అనీ ఉంటే మీ అదృష్టం. ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించుకోవచ్చు. రెండు స్లాట్లూ నిండితే ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా చురుకవుతుంది. డీడీఆర్4, డీడీఆర్5 అనే ర్యామ్ రకాలు ఒకదాని చోట ఒకటి పట్టవు కాబట్టి ఏది కావాలో చూసుకుని కొనండి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో మెమొరీ ధరలు బాగా పెరిగాయి. అందుకే రెండు మూడు చోట్ల విచారించండి. వారంటీ పోకుండా ఉండాలంటే అధీకృత సర్వీస్ సెంటర్‌లో వేయించడం మేలు. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే మాత్రం ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్నట్టు. వేరే స్లాట్ ఉందేమో సర్వీస్ సెంటర్‌లో అడగండి. అదీ లేకపోతేనే మార్చడం గురించి ఆలోచించాలి.

ఇక రంగులు. 68 వేల లాప్‌టాప్ కొంటే ఇవి సరిపోతాయన్న నమ్మకం పెట్టుకోకండి. మధ్యరకం ధరల్లో చాలా లాప్‌టాప్‌లకు ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ రకం తెరలే బిగిస్తున్నారు. అవి వెలవెలబోయిన రంగులే చూపిస్తాయి. దుకాణంవారు చూపిస్తున్న దాని తెర కూడా అలాంటిదే కావచ్చు. ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ అనేవి తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు. ‘ఎస్‌ఆర్‌జీబీ ఎంత శాతం?’ అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. నన్నడిగితే మీరు కొనాల్సింది లాప్‌టాప్ కాదు, 99 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న 24 అంగుళాల ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర రకం) మానిటర్. పది వేల లోపు దొరుకుతుంది, హెచ్‌డీఎంఐ తీగతో కలిపితే చాలు. డిజైన్ పెద్ద తెరమీద, టూల్స్ చిన్న తెరమీద పెట్టుకుంటే పనీ తేలికవుతుంది.

ఎంత మంచి తెరైనా రంగులను వెలుగుతో చూపిస్తుంది, ప్రెస్ సిరాతో అద్దుతుంది. కొన్ని ఎరుపులు, నీలాలు సిరాలో రానే రావు. అందుకే ప్రెస్‌కు వెళ్లే పనిని సీఎంవైకే (ప్రెస్ వాడే నాలుగు సిరాల రంగుల పద్ధతి)లో చేయండి. ఆర్‌జీబీ (తెర వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పద్ధతి) ఫైలు అచ్చులో ఎలా ఉంటుందో ఫోటోషాప్‌లో కంట్రోల్, వై నొక్కి ముందే చూసుకోవచ్చు.

డీటీపీ పనివారికి ఇంకో జాగ్రత్త. అను తెలుగు ఫాంట్లు, ఆకృతి ఒడియా ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు యూనికోడ్ (అన్ని యంత్రాలూ ఒకేలా గుర్తించే అక్షర పద్ధతి)వి కావు. ఏ యంత్రం మార్చినా ఆ ఫాంట్లు అందులో ఉంటేనే అక్షరాలు సరిగా కనిపిస్తాయి. బదులుగా ఇస్తామంటున్న లాప్‌టాప్ స్నాప్‌డ్రాగన్ (ఫోన్లలో వాడే తరహా) ప్రాసెసర్‌దైతే ఇంకా నిదానించండి. పాత ప్రింటర్లు, యూఎస్‌బీ తాళంతో నడిచే సాఫ్ట్‌వేర్లకు దానికి తగిన డ్రైవర్లు ప్రత్యేకంగా ఉండాలి. లేకపోతే అవి పనిచేయవు.

ఒకవేళ లాప్‌టాప్‌లో నిజంగానే లోపం ఉంటే, అంటే తనంతట ఆగిపోవడం, తెర మిణకడం లాంటివి ఉంటే, నష్టానికి మార్చుకోవాల్సిన అవసరమే లేదు. అది వారంటీ కింద మీకు దక్కాల్సిన హక్కు. వారు వినకపోతే 1915 నంబరుకు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంవారు తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. కొన్నది ఆంధ్రలో, ఉంటున్నది ఒడిశాలో అని వెనక్కి తగ్గకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే, రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు. బిల్లు మాత్రం భద్రంగా ఉంచండి.

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సిరోంచ. మా అమ్మాయి నాగపూర్‌లో బీసీఏలో చేరింది. జూన్‌లో 16 జీబీ లాప్‌టాప్ కొనిచ్చాం. తోటివారంతా గేమింగ్ లాప్‌టాప్‌లు తెచ్చుకున్నారని తనదీ మార్చమంటోంది.

జవాబు: అవసరం లేదు. సీ, జావా, పైథాన్, ఎస్‌క్యూఎల్ అన్నీ ఆ లాప్‌టాప్‌లో హాయిగా నడుస్తాయి. ఆండ్రాయిడ్ యాప్‌లు రాసేటప్పుడు ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే ఫోన్‌ను అనుకరించే సాఫ్ట్‌వేర్) బరువనిపిస్తే తన ఫోన్‌నే యూఎస్‌బీతో కలిపి పరీక్షించుకోవచ్చు. మెషిన్ లెర్నింగ్ పాఠాలకు గ్రాఫిక్స్ కార్డు కావాల్సివస్తే గూగుల్ కోలాబ్‌లో పరిమితంగా ఉచితంగానే దొరుకుతుంది. గేమింగ్ లాప్‌టాప్ బరువెక్కువ, చార్జింగ్ తొందరగా అయిపోతుంది. సెలవులకు బస్సులో ఇంటికి మోసుకొచ్చేది తనే కదా. అయితే అమ్మాయిని కసురుకోకండి. ఏ సాఫ్ట్‌వేర్ నడవడం లేదో అడగండి. పేరు చెప్పగలిగితే నాకు రాయండి, చూద్దాం.

ప్రశ్న: రాయగడ నుంచి రాస్తున్నాను. లాప్‌టాప్ ఎక్స్చేంజ్‌కు ఇచ్చేస్తున్నాను. ముందుగా ఏం చేయాలి?

జవాబు: ఫైళ్లన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, అక్కడ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ‘రీసెట్ దిస్ పీసీ’ ఎంచుకుని, ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ నొక్కండి. తర్వాత వచ్చే ‘చేంజ్ సెట్టింగ్స్’లో ‘క్లీన్ డేటా’ను ఆన్ చేయండి. దీనికి గంటలు పట్టవచ్చు కాబట్టి చార్జర్ తగిలించి ఉంచండి. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోని పరికరాల జాబితా నుంచి దాన్ని తొలగించండి. లాప్‌టాప్‌తో వచ్చిన ఆఫీస్ మీ ఖాతాకే ముడిపడి ఉంటుంది. కొన్నవారికి ఆఫీస్ కూడా ఇస్తున్నామని మాట ఇవ్వకండి.