ఎఫ్‌డీ తీసి టెక్సాస్‌లో జింకల వేటకి పోవచ్చా? ప్రొద్దుటూరు దంపతుల ప్రశ్న

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. నాకు 52, బట్టల షాపు. మా ఆవిడ గవర్నమెంట్ టీచరు, 48. పాప అమెరికాలో ఎమ్మెస్ చేసి డల్లాస్‌లో ఉద్యోగంలో చేరింది. మా పెళ్లి 25 ఏళ్ల పండగ దగ్గర్లో ఉంది. మా తాత వేట కథలు వింటా పెరిగినోణ్ణి, టెక్సాస్‌లో గైడుని ఇచ్చి లీగల్‌గా జింకల వేట చేయిస్తారంట, ఇద్దరం కలిసి పోవాలని కోరిక. ఏజెంటు ఒకాయన 12 లక్షల ప్యాకేజీ చెప్తున్నాడు, 30 శాతం ఇప్పుడే కట్టమంటున్నాడు. 9 లక్షల ఎఫ్‌డీ, సేవింగ్స్‌లో 3 లక్షలు ఉన్నాయి. ఖర్చులు పోను నెలకి 40 వేలు మిగుల్తాయి, అందులో 15 వేలు సిప్. ఎఫ్‌డీ తీసేయాలా, 6 లక్షలు పర్సనల్ లోన్ పెట్టాలా? లంకమల వైపు 40 వేలకే రాత్రిపూట తీసుకుపోతామనేవాళ్లు కూడా ఉన్నారు, దాంతో సరిపెట్టుకోమంటారా?

జవాబు: అన్నా, ముందు ఆ ఆఖరి మాట సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికంటే ఖరీదైన ఆప్షన్ ఆ 40 వేలదే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో సరదాకి వేట అనేదే లేదు, కృష్ణజింక లాంటి షెడ్యూల్ 1 (చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితా) జంతువు మీద చెయ్యేస్తే మూడేళ్లకి తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకి తగ్గకుండా ఫైను. పైగా లంకమల అభయారణ్యం, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి మళ్లీ కనిపించిందని 1986లో ప్రపంచమంతా మనవైపు చూసింది ఆ అడవి వల్లే. డబ్బు లెక్కల్లో చెప్పాలంటే, వదిన గవర్నమెంట్ ఉద్యోగి, పోలీసులో ఫారెస్టువాళ్లో పట్టుకుని 48 గంటలు దాటి కస్టడీలో ఉంచితే సస్పెన్షన్ దానంతటదే పడుద్ది, ఇంకో పదేళ్లకి పైగా రావాల్సిన జీతం, రిటైర్మెంట్ డబ్బులు, పాప ముందు మీ పరువు అన్నీ ఆ ఒక్క రాత్రి మీద పెడుతున్నట్టు. ఆ మనిషి ఫోన్ నంబర్ తీసెయ్యండి.

ఇక టెక్సాస్. పోవద్దని నేను చెప్పను. పాతికేళ్లు షాపు మూయకుండా కష్టపడినోళ్లు ఒక కోరిక తీర్చుకుంటామంటే ఫైనాన్షియల్ ప్లానర్‌గా నా పని దానికి దారి చూపించడమే. కాకపోతే 12 లక్షలు కాదు, అప్పు చేసి కాదు, ఎఫ్‌డీ ముట్టుకుని అసలే కాదు.

అక్కడ వేట ఎట్లా జరుగుద్దో కొంచెం తెలిస్తేనే ఖర్చు ఎక్కడ పెరుగుద్దో అర్థమవుతుంది. టెక్సాస్‌లో భూమి దాదాపు అంతా ప్రైవేటుదే కాబట్టి వేటలు ఎక్కువగా రాంచీల్లోనే, అంటే వేల ఎకరాల ఎస్టేట్లలో జరుగుతాయి, రూము, భోజనం, గైడు, తుపాకి అన్నీ వాళ్లే ఇస్తారు. వాళ్ల సొంత జింక వైట్‌టెయిల్, దానికి సీజన్ ఉంది, నవంబర్ మొదటి శనివారం మొదలై జనవరి దాకా. ఇంకోరకం ఎక్జాటిక్స్ అంటారు, బయటి దేశాల నుంచి తెచ్చి పెంచినవి, అందులో మన చుక్కల దుప్పి ఉంది, 1930ల్లో మన దేశం నుంచే పోయింది, అక్కడ యాక్సిస్ అని పిలుస్తారు, ఇప్పుడు అడవుల్లో విపరీతంగా పెరిగిపోయింది, దానికి సీజన్ అంటూ లేదు, ఏడాది పొడవునా వేటాడొచ్చు. కృష్ణజింక కూడా అక్కడ దొరుకుద్ది, కానీ అది మన రాష్ట్ర జంతువు, ఆ ఎంపిక మీ మనసుకే వదిలేస్తున్నా.

నా ఓటు చుక్కల దుప్పికి, మూడు కారణాలున్నాయి. ఒకటి లైసెన్సు. వైట్‌టెయిల్‌కి బయటివాళ్లు తీసుకునే జనరల్ లైసెన్సు 315 డాలర్లు, దుప్పికి ఐదు రోజుల స్పెషల్ లైసెన్సు 48 డాలర్లు చాలు. రెండు, నవంబర్ అంటే కార్తీక మాసం, వదిన నాగులచవితి నుంచి పౌర్ణమి దాకా నీచు ముట్టదేమో, ఆ నెలలో వేట పెట్టుకుంటే ఆవిడకి ట్రిప్పు ట్రిప్పులాగా ఉండదు. పైగా దీపావళి సీజన్ అయిపోయి షాపులో స్టాకు లెక్కలు చూసుకునే టైం అది. మూడు, టీచరుకి లీవు దొరికేది ఎండాకాలం సెలవుల్లోనే, మే నెలలో యాక్సిస్ మగజింకలకి కొమ్ములు గట్టిపడి వేటకి మంచి కాలం కూడా. టెక్సాస్ ఎండ గురించి కడప జిల్లావాళ్లకి నేను చెప్పేదేముంది.

ఇప్పుడు డబ్బు ఎక్కడ జారిపోద్దో చూడండి, ఇది జాగ్రత్తగా చదవండి అన్నా. రాంచీవాళ్లు వెబ్‌సైట్లో పెట్టే రేటు చాలాసార్లు మొదలు మాత్రమే. కొన్ని చోట్ల రోజుకింత అని తీసుకుని, జంతువు పడ్డాక దానికి వేరే ఫీజు వేస్తారు, ఆ ఫీజు కొమ్ముల సైజు బట్టి పెరుగుద్ది. తెల్లారుజామున మంచె మీద కూర్చుని ఉంటారు, గైడు బైనాక్యులర్లో చూసి చెవిలో చెప్తాడు, ఎడమవైపు ఉన్నది మీ ప్యాకేజీది, కుడివైపు ఉన్నది ఇంకా పెద్దది, ఇంకో 1,500 డాలర్లు అని. ఆ క్షణంలో ఎవరూ కాలిక్యులేటర్ తియ్యరు. 1,500 డాలర్లంటే లక్షా 35 వేలు, మీ సిప్పు తొమ్మిది నెలలది. ఇంకో రూలు, దాదాపు అన్ని రాంచీల్లో ఉండేదే, జింకకి దెబ్బ తగిలి రక్తం కనపడి అది తప్పించుకుపోయినా సరే, అది మీ ఖాతాలో పడ్డట్టే, మొత్తం డబ్బు కట్టాల్సిందే. కాబట్టి ఫ్లాట్ రేటు ఇచ్చే రాంచీనే ఎంచుకోండి, ఒక జింక, మూడు రోజులు, కొమ్ముల సైజుతో సంబంధం లేదు అని ఈమెయిల్లో రాయించుకోండి, ఎక్కువ ఖర్చు పెట్టకూడదనే మాట వదినకి ఇక్కడే ఇచ్చి పోండి, గైడుకి కూడా మొదటి రోజే చెప్పెయ్యండి, వాళ్లేం తప్పుగా అనుకోరు.

ఇంకో మాట, ఇద్దరం కలిసి పోవాలని మీరు రాశారు, వదిన ఏమంటున్నారో మాత్రం రాయలేదు. నా దగ్గరికొచ్చే జంటల్లో ఒకరి కోరికకి ఇంకొకరు ఊఁ కొట్టి తర్వాత బాధపడ్డం చూస్తుంటా, అందుకే అడుగుతున్నా. ఆవిడకి తుపాకి పట్టాలని లేకపోతే అబ్జర్వర్‌గా పక్కన కూర్చోవచ్చు, దానికి రోజుకి తక్కువ తీసుకుంటారు, లైసెన్సు అక్కర్లేదు. ఆవిడకీ ఉత్సాహంగా ఉంటే ఆడజింక వేట తీసుకోండి, మగదాని రేటులో చిన్న భాగమే పడుద్ది. తేల్చుకోవడానికి ఒక ఆదివారం తెల్లవారకముందే బయల్దేరి నంద్యాల జిల్లా రోళ్లపాడు పోయిరండి, గడ్డిమైదానంలో కృష్ణజింకల గుంపులు కనిపిస్తాయి, బైనాక్యులర్ పెట్టుకుని మూడు గంటలు కదలకుండా కూర్చోండి. వేటలో ముప్పావు వంతు అట్లా కూర్చోవడమే. ఆ మూడు గంటలు వదిన ఆనందంగా గడిపితే ముందుకి పదండి.

లెక్కకి వద్దాం. డాలర్ 90 రూపాయలు అనుకుని వేస్తున్నా, రాంచీ రేట్లు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, నేను మధ్యస్థంగా పెట్టుకున్నా. బెంగళూరు నుంచి డల్లాస్‌కి ఇద్దరి టికెట్లు 2 లక్షల 60 వేలు, మే నెల అమెరికా ప్రయాణానికి రద్దీ కాలం కాబట్టి జనవరికల్లా బుక్ చెయ్యాలి. వీసా ఫీజు మనిషికి 185 డాలర్లు, ఇద్దరికీ 33 వేలు, ఇంటర్వ్యూకి హైదరాబాదు పోయి రావడానికి ఒక 15 వేలు. ఫ్లాట్ రేటు వేట 3,000 డాలర్లు, 2 లక్షల 70 వేలు. వదిన అబ్జర్వర్ అయితే మూడు రోజులకి 40 వేలు. గైడుకి టిప్పు 15 శాతం అంటే ఇంకో 40 వేలు, ఇది అక్కడ ఇష్టముంటే ఇచ్చేది కాదు, ఇచ్చి తీరాల్సిందే అన్నట్టు ఉంటుంది. మాంసం కోసి ప్యాక్ చెయ్యడానికి 18 వేలు, లైసెన్సు 4,300, ఇద్దరి ట్రావెల్ ఇన్సూరెన్సు 30 వేలు. మొత్తం 7 లక్షల 10 వేలు. చిల్లరమల్లర కలిపి ఏడున్నర లక్షలు పెట్టుకోండి. ఉండేది పాప దగ్గర, రాంచీకి పోయేది పాప కార్లో, కాబట్టి ఏజెంటు చెప్పిన 12 లక్షల్లో మిగతా నాలుగున్నర దేనికో ఆయన్నే ఐటెం వారీగా రాసివ్వమనండి. వీసా రాకముందు 30 శాతం మాత్రం ఎవరికీ కట్టొద్దు. రాంచీల డిపాజిట్ చాలాచోట్ల వెనక్కి రాదు, వీసా స్టాంపు పడ్డాకే అది కూడా.

ఈ ఏడున్నర ఎక్కడినుంచి? మీ ఉత్తరంలోనే ఉంది. వచ్చే మే కాదు, ఆపై మే పెట్టుకోండి, 18 నెలలుంది. సిప్పు పోను మిగిలే 25 వేలు 18 నెలలు ఆర్డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేస్తే నాలుగున్నర లక్షలు, ఆరున్నర శాతం లెక్కన వడ్డీ 23 వేల దాకా. సేవింగ్స్‌లో 3 లక్షలు కలిపితే చేతికి వచ్చేస్తుంది. ఈ డబ్బు షేర్లలో, ఈక్విటీ ఫండ్లలో పెట్టొద్దు, తేదీ దగ్గర పడ్డాక మార్కెట్ పడితే ట్రిప్పు పోద్ది. సిప్పు ఆపొద్దు. ఆ 9 లక్షల ఎఫ్‌డీ బట్టల షాపుకి ఊపిరి, ఒక సీజన్ దెబ్బతింటే హోల్‌సేలర్ల బాకీలకి, ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోతే అదే దిక్కు. పర్సనల్ లోన్ 14 శాతానికి 6 లక్షలు మూడేళ్లకి తీసుకుంటే ఈఎంఐ 20,500, వడ్డీయే లక్షా 38 వేలు, ట్రిప్పు అయిపోయి రెండున్నరేళ్లయినా ఇంకా కడుతూనే ఉంటారు. ప్రొద్దుటూరువాళ్లు కాబట్టి బంగారం కుదువపెట్టే ఆలోచన కూడా వస్తుంది, అదీ వద్దు.

ఒక్కటి మీరు రాయలేదు, పాప ఎమ్మెస్‌కి ఎడ్యుకేషన్ లోన్ తీసుకున్నారా? ఉంటే అందులో మీ సంతకం కో-అప్లికెంట్‌గా ఉండి ఉంటుంది, ఆ ఈఎంఐలు పాప జీతం నుంచి సాఫీగా పోతున్నాయని ఆరు నెలలు చూసుకున్నాకే ఆర్డీ మొదలుపెట్టండి, అప్పుడు ట్రిప్పు డబ్బు ఆరు నెలలు ఆలస్యమవుద్ది, అంటే ఇంకో మే. ఖర్చంతా పాప మీద వెయ్యొద్దు, ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది. రాంచీకి పాపని తన కార్డు మీద కట్టనిచ్చి, ఆ డబ్బు మీరు బ్యాంకులో ఎ2 ఫారం ఇచ్చి ఎల్‌ఆర్‌ఎస్ కింద, అంటే విదేశాలకి డబ్బు పంపుకోడానికి ఆర్‌బీఐ ఇచ్చిన వెసులుబాటు కింద, పాపకి పంపేయండి. 2025 ఏప్రిల్ నుంచి అట్లా పంపేదాంట్లో ఏడాదికి 10 లక్షల దాకా టీసీఎస్ (ముందే పట్టుకునే పన్ను) లేదు, అదే ఏజెంటు దగ్గర మొత్తం ప్యాకేజీగా కొంటే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ పట్టుకుంటారు, రిటర్న్‌లో వెనక్కి వస్తుంది కానీ అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కున్నట్టే. డాలర్లు ఒకేసారి కొనకుండా ఫారెక్స్ కార్డులో మూడు నాలుగు విడతలుగా వేసుకోండి.

కాగితాలు. విజిటర్ వీసా మీద పోయినవాళ్లు అక్కడ తుపాకి పట్టాలంటే హంటింగ్ లైసెన్సు జేబులో ఉండాలి, లేకపోతే ఫెడరల్ చట్టం ఒప్పుకోదు, ఫోటోకి పట్టుకుంటా అన్నా సరే, వదినకైనా పాపకైనా ఇదే రూలు. 1971 సెప్టెంబర్ 2 నుంచి పుట్టినవాళ్లకి టెక్సాస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి, మీరు అందులోకి వస్తారు, ఆన్‌లైన్‌లో చెయ్యొచ్చు, లేదా 10 డాలర్లు కట్టి ఒక్కసారికి డెఫరల్, అంటే కోర్సు వాయిదా, తీసుకుని లైసెన్సున్న మనిషి పక్కన ఉండగా వేటాడొచ్చు. తుపాకి కొత్త కాబట్టి కోర్సే చెయ్యండి అని నా సలహా. ఇన్సూరెన్సు పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి, చాలా ట్రావెల్ పాలసీలు వేటని, తుపాకుల్ని కవర్ చెయ్యవు, అమెరికాలో ఒక రాత్రి ఆసుపత్రి బిల్లు మీ ఎఫ్‌డీని మింగేస్తుంది, కాబట్టి ఇక్కడ మూడు నాలుగు వేలు ఎక్కువైనా రాతపూర్వకంగా కవర్ ఉన్నదే తీసుకోండి. వదిన విదేశీ ప్రయాణానికి డిపార్ట్‌మెంట్ పర్మిషన్ కావాలి, ఫైలు కదలడానికి టైం పడుద్ది, కాబట్టి వీసా కంటే ముందు ఆ అప్లికేషన్ పెట్టించండి. కొమ్ములు, తోలు ఇండియాకి తెచ్చే ఆలోచన మానుకోండి, సరైన అనుమతులు లేకుండా వస్తే కస్టమ్స్‌లో ఆపేస్తారు, పాప ఇంట్లో పెట్టి రండి, మాంసం కూడా అక్కడే ఫ్రిజ్‌లో పెట్టుకుని వదిన చేత్తో కూర చేయించుకుని తినండి.

ఎడ్యుకేషన్ లోన్ ఉందో లేదో, నెల ఈఎంఐ ఎంతో, షాపు మీద ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్) లిమిట్ ఏమైనా వాడుతున్నారో రాయండి, ఆర్డీ మొదలుపెట్టే నెల చెప్తా.